పాత ఇంట్లో స్నానాల గది, వంటగది: ఎంతవరకు మార్చాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ సంగతి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నాకు అప్పగించిన విషయం అంత గొప్పది కాదు. స్నానాల గది, వంటగది. రోడ్లు భవనాల శాఖలో ఎస్టిమేట్లు వేసి వేసి రిటైరైనవాణ్ణి గనుక, ఇల్లు బాగు చేయించుకోవాలనుకునే మన సభ్యులు నన్ను అడుగుతుంటారు. విడివిడిగా చెప్పేది ఒక్కసారి అందరికీ చెప్పమన్నారు. అందుకే నిలబడ్డాను.

నా దగ్గరకు వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. పిల్లలు హైదరాబాదు నుండో అమెరికా నుండో దసరాకు వస్తారు. వచ్చిన మూడో రోజుకు, "నాన్నా, ఈ బాత్రూమేమిటి, ఈ వంటిల్లేమిటి, మొత్తం పగలగొట్టి కొత్తగా కట్టిద్దాం, డబ్బులు మేం పంపుతాం" అంటారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో "ఇన్నేళ్ళు గడిచింది, ఇంకెన్నాళ్ళు, ఉన్నది చాలు" అంటారు. వనపర్తిలో టీచరుగా రిటైరైన ఒక సోదరి నన్ను నిలదీసి అడిగింది: "ఈ వయసుల ఇల్లు పలగ్గొట్టుకొని మేం యాడ కూసోవాలె అన్నా?" న్యాయమైన ప్రశ్న. పిల్లలు చెప్పేదీ పూర్తిగా తప్పు కాదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే మనం తేల్చుకోవలసింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన వయసువాళ్ళు సొంత ఇల్లు వదిలి కొడుకు ఫ్లాటుకో కూతురి ఇంటికో చేరవలసి వచ్చినప్పుడు, కారణం వంటగది పాతబడడం కాదు. స్నానాల గదిలో పడడం. తుంటి ఎముక విరిగిందంటే ఆపరేషను, ఆ తరువాత నెలల తరబడి మంచం. ప్రమాదవశాత్తు గాయపడి చనిపోయేవారిలో, రోడ్డు ప్రమాదాల తరువాత, పడిపోవడం వలన పోయేవారే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందులోనూ అరవై దాటినవారిదే పెద్ద వంతు. కాబట్టి డబ్బు, ఓపిక, రెండూ ముందు స్నానాల గదికే పోవాలి. వంటగదికి మిగిలినది.

మరి స్నానాల గదిలో ఎంత మార్చాలి? దానికి టేపు పట్టుకుని గది కొలవకండి. ఒక రాత్రి రెండు గంటలకు మీరు మంచం మీద నుండి లేచి పాయఖానా దాకా వెళ్ళి వచ్చే దారిని కొలవండి. ఎన్ని అడుగులు? ఎన్ని గడపలు? ఎన్ని మెట్లు? ఎక్కడెక్కడ దీపం లేదు? ఎక్కడ తడి ఉంది? వానాకాలంలో నెత్తిమీద కప్పు ఉందా? మా శాఖలో ఎం.బుక్ అని ఒకటి ఉండేది, ప్రతి కొలతా అందులో ఎక్కేది. ఈ కొలత మాత్రం ఏ ఎం.బుక్కులోనూ ఉండదు. అసలు ఎస్టిమేటు దీని మీదనే వేయాలి. దారి పది పన్నెండు అడుగులుండి, మెట్టు లేకపోతే, మీ ఇంటికి పెద్ద పని అక్కరలేదు, సామాను మారిస్తే చాలు. దారి పెరటి చివరిదాకా ఉంటే మాత్రం, లోపల ఎంత ఖరీదైన టైల్సు వేసినా వృథా. గదినే దగ్గరకు తేవాలి.

మన పాత ఇళ్ళలో పాయఖానా ఎందుకంత దూరంగా ఉందో ఆలోచించారా? ఆ రోజుల్లో ఫ్లష్ లేదు, సెప్టిక్ ట్యాంకు లేదు. మనుషులే వచ్చి మలం ఎత్తుకుపోయే అమానుషమైన పద్ధతి ఉండేది. వాళ్ళు వచ్చిపోవడానికి వెనుక సందులోకి దారి ఉండాలి గనుక పెరటి గోడకు ఆనించి కట్టారు. ఆ మరుగుదొడ్లు కట్టడాన్ని, ఆ పని చేయించడాన్ని 1993లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. అంటే దూరంగా ఉండడానికి ఉన్న కారణం ఏనాడో పోయింది, దూరం మాత్రం మిగిలింది. పెద్దవాళ్ళు ఆచారం, మడి అని సందేహిస్తారు. నేను వారితో వాదించను. పడకగదికి, స్నానాల గదికి మధ్య నాలుగడుగుల చిన్న వసారా విడిచి రెండు తలుపులు పెట్టమంటాను. వాసన రాదు, ఆచారం దెబ్బతినదు, చీకట్లో పెరడు దాటే బాధా తప్పుతుంది. వాస్తు పేరుతో ఆ గదిని మళ్ళీ ఇంటి అవతలి మూలకు పంపేవారుంటారు. ఏ మూలయినా సరే, మన మోకాళ్ళు ఒప్పుకోవాలి కదా!

ఇక మన ప్రాంతపు ఇళ్ళకు ప్రత్యేకంగా ఉన్న ఒక చిక్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హైదరాబాదు ఇంటీరియర్ వాళ్ళకు ఇది తెలియదు, పిల్లలకూ తెలియదు. గద్వాల కోట పరిసరాల్లో గాని, వనపర్తి పాత వీధుల్లో గాని, నాగర్‌కర్నూల్ చుట్టుపట్ల పల్లెల్లో గాని, పాత ఇల్లంటే ఎక్కువగా రాతి గోడ. రాయి గట్టిదే, కాని రాళ్ళ మధ్య ఉన్నది సిమెంటు కాదు, మట్టి. పైన సున్నపు గచ్చు పూసి ఉంటుంది గనుక మనకు కనిపించదు. కప్పు మిద్దె. దూలాలు, దంతెలు, వాటి మీద పలకలో బండలో, ఆ పైన చౌడు మట్టి. ఎండకు చల్లగా ఉంటుంది, బాగా కాపాడుకుంటే తరాల తరబడి నిలుస్తుంది. దానికి పడనిది ఒక్కటే, ఆగకుండా తగిలే నీరు. 2009 అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర, కృష్ణా పొంగినప్పుడు రాజోలి, అలంపూర్ వైపు ఇళ్ళు ఎలా కూలాయో మనలో చాలామంది కళ్ళారా చూశారు. గోడలోని మట్టి నాని జారిపోయాక రాయి ఒక్కటే ఏం నిలబడుతుంది? వరద ఒక్క రోజులో చేసే పనిని, గోడలో పగిలిన చిన్న పైపు నాలుగైదేళ్ళలో చప్పుడు లేకుండా చేస్తుంది.

అందుచేత మట్టి గోడను గాడి కొట్టి అందులో పైపులు దాచే పని పెట్టుకోకండి. పైపు బయటకు కనిపిస్తే అందం తగ్గుతుందంటారు. తగ్గనివ్వండి. కనిపించే పైపు కారితే ఆ రోజే తెలుస్తుంది. అలాగే ఉన్న గదుల్లో ఒకదాన్ని స్నానాల గదిగా మార్చే బదులు, పడకగది వెనుక గోడకు బయటి వైపున, దాని పునాది, దాని గోడలు, దాని స్లాబు వేరుగా ఉండేటట్లు చిన్న గది కట్టించండి. పాత గోడలో ఒక్క దర్వాజా మటుకు తెరవాలి. దర్వాజా తెరిచేటప్పుడు పైన రాతి దిమ్మెనో కాంక్రీటు లింటలో ముందు కూర్చోబెట్టి, ఆ తరువాతే క్రింద గోడ విప్పాలి. ఇది తెలిసిన మేస్త్రీ కావాలి. దేశమంతటా ప్రాజెక్టులకు, బిల్డింగులకు పాలమూరు వాళ్ళు పనికి పోయారు గాని, మన ఊళ్ళో మన ఇంటికి మంచి మేస్త్రీ దొరకాలంటే నెలలు కాచుకోవాలి. కాచుకోండి, తొందరపడి దొరికినవాడికి అప్పగించవద్దు.

నీళ్ళ ట్యాంకు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే ఒక టన్ను, అంటే పది క్వింటాళ్ళ ధాన్యం ఒక్కచోట పోసినట్లు. దాన్ని మట్టి మిద్దె మీద ఎక్కించే ఇళ్ళు నేను చూస్తున్నాను. చూసినప్పుడల్లా గుండె జారుతుంది. కొత్తగా కట్టే స్నానాల గది స్లాబును ఆ బరువుకు తగినట్లు వేయించి ట్యాంకు దాని మీద పెట్టండి, లేదా పెరట్లో ఇనుప స్టాండు వేయించండి. ఎత్తు కొంచెం తగ్గితే నల్లా ధార సన్నగా వస్తుంది, అంతకు మించి నష్టం లేదు.

నేల విషయానికి వస్తే, మనకు అలవాటైనవి షాబాదు బండలు, తాండూరు బండలు, కర్నూలు వైపు నుండి వచ్చే బేతంచెర్ల బండలు. ఇవన్నీ సున్నపురాయి జాతివి. పాలిష్ చేయని గరుకు బండ తడి మీద కూడా కాలికి పట్టునిస్తుంది, చవక, మనకు దగ్గరలో దొరుకుతుంది. దానికి శత్రువు యాసిడ్. బాత్రూము మరక పోవాలని సీసాల కొద్దీ యాసిడ్ పోసి రుద్దుతుంటారు. యాసిడ్ తగిలితే సున్నపురాయి పొంగి కరిగిపోతుంది, జాయింట్లలోని సిమెంటు పోతుంది, ఆ సందుల్లో నీరు దిగుతుంది. ఆ యాసిడే సెప్టిక్ ట్యాంకులో చేరి అక్కడ మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది. మన బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ గనుక తెల్ల మరకలు పడడం సహజం. కొంచెం వెనిగరో నిమ్మరసమో నల్లాలకు, పింగాణీకి వాడవచ్చు, బండలకు మాత్రం అదీ వద్దు, సబ్బునీళ్ళే చాలు.

టైల్సే కావాలంటే షాపువాడు ముందుగా చూపించేది అద్దంలా మెరిసే రెండడుగుల పలక. అది హాలుకు, స్నానాల గదికి కాదు. గుజరాత్ మోర్బీ నుండి వచ్చే వాటిలోనే గరుకువి, అడుగు కొలతవి ఉన్నాయి. అవి అడిగి తీసుకోండి. పలక చిన్నదైతే జాయింట్లు ఎక్కువ, కాలికి పట్టు ఎక్కువ, వాటం ఇవ్వడమూ సులభం. వాటం అంటే నీరు నహాణీ ట్రాపు వైపుకు పారే ఏటవాలు. అయిదడుగులకు ముప్పావు నుండి ఒక అంగుళం దాకా ఉంటే సరిపోతుంది. అంతకన్నా తక్కువైతే నీరు నిలిచి పాచి పడుతుంది, మరీ ఎక్కువైతే నిలబడేవాడికే తూలు వస్తుంది. పాతదాన్ని పగలగొట్టకుండా దాని మీదే కొత్త టైల్సు వేస్తామంటారు. వేయవచ్చు, కాని నేల అంగుళంన్నర పెరిగి గడప దగ్గర కొత్త తట్టు తయారవుతుంది. కాలు తట్టుకునేది అక్కడే.

చిన్న సామాన్ల గురించి త్వరగా ముగిస్తాను. కమోడు పెట్టించండి, కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలు ఉండాలి. ఇంట్లో ఒకరికి పాత పద్ధతే అలవాటైతే, స్థలముంటే అదీ ఉంచండి, పెరట్లోది మూసేయనక్కరలేదు. పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ నేల నుండి 33 నుండి 36 అంగుళాల ఎత్తులో కావాలి. తువాలు కడ్డీని పట్టుకుని లేవబోతే కడ్డీతో సహా క్రిందికి వస్తారు. మట్టి గోడలో మేకు నిలవదు. కొత్త గదికి ఇటుక సిమెంటు గోడలు కావాలనడానికి ఇది మరో కారణం. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోయి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరిచే తలుపును ఎవరూ తోయలేరు. గడియ బయటి నుండి కూడా తీయగలిగేది పెట్టండి. వెడల్పు మూడడుగులు, రేపు చక్రాల కుర్చీ వచ్చినా పడుతుంది. కూర్చుని స్నానం చేయడానికి గోడకు ఆనుకుని ఒక బండ బల్ల వేయించండి. గీజరుకు ఎర్తింగు, 16 ఆంపియర్ల ప్లగ్గు, కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్చి తప్పనిసరి. గ్యాసు గీజరును మాత్రం గాలి ఆడని గదిలో పెట్టనే వద్దు. దాని నుండి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు.

ఫ్లష్ ట్యాంకు కొనేటప్పుడు రెండు బొత్తాలది కొనండి. పాత ట్యాంకు ఒక్క లాగుడుకు పది లీటర్లు, ఆ పైన పోస్తుంది. ఇది మూడు లేక ఆరు. మిషన్ భగీరథ నల్లా వచ్చినా, మన ఎండాకాలం సంగతి మనకు తెలుసు. గచ్చుతో కట్టిన పాత గాబు ఉంటే పగలగొట్టకండి. నీళ్ళు నిలవ ఉంచుకోవడానికి అంతకంటే మంచిది లేదు, మూత ఒక్కటి చేయిస్తే దోమల బెడదా తప్పుతుంది. ఇంకుడు గుంత త్రవ్వేటప్పుడు తాగునీటి బావికో బోరుకో కనీసం యాభై అడుగుల దూరం చూడండి. మీ బోరుకే కాదు, ప్రక్కవారి బోరుకు కూడా.

ఇక వంటగది. ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. వంటగది ఎలా ఉండాలో నాతో మాట్లాడడానికి వచ్చేవారు అందరూ మగవారే. నేను అడిగే మొదటి ప్రశ్న, "వంట ఎవరు చేస్తారు? ఆమెను ఎందుకు తీసుకురాలేదు?" అని. ఆమె వస్తే సగం పని తేలిపోతుంది. ఆమెకు కావలసింది మాడ్యులర్ కిచెన్ కాదు. గట్టు ఎత్తు సరిగా లేక నడుము నొప్పి, సజ్జ మీది డబ్బా అందక స్టూలు ఎక్కవలసి రావడం, పొయ్యి మీద వెలుతురు చాలకపోవడం. గట్టు ఎత్తు మోచేతికి నాలుగు అంగుళాలు క్రిందికి ఉండాలి, అది ఆమె మోచెయ్యి, మేస్త్రీది కాదు. బరువైన పాత్రలు నడుము ఎత్తుకు దించి, సజ్జ మీద ఏడాదికోసారి వాడేవి ఉంచాలి. స్టూలు ఎక్కడమూ బాత్రూములో జారడమూ ఒకటే లెక్క.

పలక చెక్కల అలమరాల మోజులో పాత కడప బండ అరలు తీయించేవారున్నారు. బండ అరకు చెద పట్టదు, తడికి ఉబ్బదు. పొట్టుతో చేసిన చెక్క సింకు క్రింద రెండు వానాకాలాలు నిలవడమే కష్టం. అరలకు తలుపులే కావాలంటే అల్యూమినియం చట్రం బిగిస్తే చాలు. గ్యాసు సిలిండరులో ఉండేది 14.2 కిలోలు, డబ్బాతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఈడ్చకుండా నిలబెట్టి ఉంచే చోటు, దగ్గరలోనే నేల మట్టంలో గాలిపోయే కన్నం ఉండాలి. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, పై కిటికీ ఒక్కటి చాలదు. రబ్బరు ట్యూబు అయిదేళ్ళకోసారి మార్చండి. వంటగదిలో ఇంతకు మించి నేను సలహా ఇవ్వను. గోడకు సున్నమో రంగో వేయిస్తే వేయించండి.

డబ్బు గురించి. కమ్యుటేషన్ సొమ్ము చేతికి రాగానే ఇల్లు బాగు చేయించే ఆలోచన పుడుతుంది. ఆ సొమ్ము తాలూకు కోత 15 ఏళ్ళు నెలనెలా మన పెన్షన్‌లోనే జరుగుతుంది. అందంకోసం వేసే ప్రతి టైలుకూ పదిహేనేళ్ళ కోత ఉన్నట్లే. పైన చెప్పిన స్నానాల గదికి ఆ సొమ్ములో కొంత పెట్టండి, దానికి నేను అడ్డు చెప్పను. పిల్లలు పంపితే తీసుకోండి, అందులో నామోషీ లేదు, కాని ఏ పనికి తీసుకుంటున్నారో మీరే చెప్పండి. నాకు తెలిసిన ఒక దంపతులకు పిల్లలు పంపిన డబ్బుతో వంటగది అంతా మారింది, చిమ్నీ వచ్చింది. పాయఖానా మాత్రం పెరట్లోనే ఉంది. ఆయనకు పక్షవాతం వచ్చిన తరువాత వారు ఆ ఇంట్లో ఆరు నెలలు కూడా ఉండలేకపోయారు. ఇప్పుడు ఇంటికి తాళం. ఆ వంటగదిలో ఎవరూ వండడం లేదు.

పని ఎప్పుడు పెట్టుకోవాలంటే, సంక్రాంతి తరువాత మొదలుపెట్టి ఎండలు ముదరక ముందే ముగించడం మేలు. కొత్త గది పూర్తయి వాడకంలోకి వచ్చేదాకా పాతదాన్ని కదిలించవద్దు. ఇందాకటి టీచరు సోదరికి నేను చెప్పిన జవాబు ఇదే. బయట కట్టే గదికి ఇల్లు ఖాళీ చేయనక్కరలేదు, దర్వాజా తెరిచే రెండు మూడు రోజులు మాత్రం మంచం ముందు గదిలో వేసుకుంటే చాలు. ఆమె సరేనన్నది.

మేస్త్రీతో ఒప్పందం నోటిమాటగా కాక కాగితం మీద వ్రాసుకోండి, డబ్బు వాయిదాలలో ఇవ్వండి. టైల్సు వేయక ముందు, నేలకు వాటర్ ప్రూఫింగ్ చేసిన తరువాత, నహాణీ ట్రాపుకు గుడ్డ బిగించి, గుమ్మం దగ్గర ఇటుక కట్టు కట్టించి, రెండు అంగుళాల లోతున నీళ్ళు నింపండి. గోడ మీద పెన్సిలుతో గీత గీసి 24 గంటలు వదిలేయండి. మర్నాడు అదే వేళకు మీరే వెళ్ళి చూడండి. ఎండకు ఆరేది స్వల్పంగానే ఉంటుంది. నీరు గీత నుండి బాగా దిగినా, బయటి గోడ అడుగున చెమ్మ కనిపించినా, ఎక్కడ దిగుతున్నదో మేస్త్రీచేత వెతికించి, బాగు చేయించి, మళ్ళీ నింపించండి. ఆ వాయిదా మాత్రం అప్పటిదాకా మీ జేబులోనే ఉండనివ్వండి.

కొలతలు వ్రాసిన కాగితం ప్రతులు వెనుక బల్ల మీద ఉన్నాయి, కావలసినవారు తీసుకోగలరు.